‘ఇన్ మెమోరియం’ చిత్రాన్ని పోర్ట్ బ్లెయిర్ నుంచి చదివితే

12వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో 1857 పాఠం చివర కొన్ని చిత్రాలు ఉంటాయి. చాలామంది అభ్యర్థులు అక్కడికి వచ్చేసరికి అలసిపోయి పేజీ తిప్పేస్తారు. కారణాలు, నాయకులు, కేంద్రాలు, స్వభావం మీద చర్చ అయిపోయాయి కదా, బొమ్మలతో పనేముంది అనుకుంటారు. కానీ ప్రిలిమ్స్‌లో చిత్రకారుడి పేరు అడగొచ్చు, మెయిన్స్‌లో ‘దృశ్య ఆధారాలు చరిత్ర రచనకు ఎంతవరకు ఉపయోగపడతాయి’ అని అడగొచ్చు. చరిత్ర ఆప్షనల్ తీసుకున్నవారికి ఈ నాలుగైదు పేజీలు మరీ ముఖ్యం.

ఆ చిత్రాల్లో ఒకటి జోసెఫ్ నోయల్ పేటన్ గీసిన ‘ఇన్ మెమోరియం’. పాఠ్యపుస్తకం దీనికి 1859 అని తేదీ ఇస్తుంది. ఈ వ్యాసంలో ఆ ఒక్క చిత్రాన్నే తీసుకుని, దాని మూడ్‌నూ ప్రతీకలనూ ఎలా చదవాలో చూద్దాం. చదివే చోటు మాత్రం లండన్ గ్యాలరీ కాదు, అండమాన్. ఎందుకో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ముందు ఒక పదం గురించి. మనం ఆధునిక చరిత్రలో ‘ప్రాచ్యవాదులు – ఆంగ్లవాదులు’ అనే వివాదం చదువుతాం. అక్కడ ప్రాచ్యవాదులంటే సంస్కృతం, పారశీకం, అరబిక్ చదువులకు ప్రభుత్వ డబ్బు ఖర్చు పెట్టాలన్నవారు. 1835లో మెకాలే వాదన నెగ్గడంతో వాళ్లు ఓడిపోయారు. చిత్రకళలో ‘ఓరియంటలిజం’ అన్నప్పుడు అర్థం వేరు. 1978లో ఎడ్వర్డ్ సయీద్ రాసిన ‘ఓరియంటలిజం’ పుస్తకం తర్వాత ఆ మాట, తూర్పు దేశాలను పడమటివాళ్లు తమ అవసరానికి తగ్గట్టు ఊహించుకున్న పద్ధతికి పేరైంది. ఈ రెండింటినీ కలిపేసి రాసిన జవాబులు చాలా కనిపిస్తాయి. జాగ్రత్త.

సయీద్ పుస్తకం అట్ట మీద ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ గీసిన ‘పాములవాడు’ చిత్రం ఉండేది. సుమారు 1879 నాటిది. నీలి పలకల గోడ, దానికి ఆనుకుని నేల మీద కూర్చున్న మనుషులు, వాళ్ల ముందు ఒంటికి పాము చుట్టుకున్న నగ్న బాలుడు, పక్కన పిల్లనగ్రోవి వాయించే ముసలివాడు. చూడగానే ఫోటోలా ఉంటుంది. 1983లో కళాచరిత్రకారిణి లిండా నాక్లిన్ ఈ చిత్రం మీద రాసిన వ్యాసంలో ఒక ఉపాయం చెప్పింది. ఇలాంటి చిత్రంలో ఏముందో చూడటం సరిపోదు, ఏం లేదో చూడాలి అంది. అందులో కాలం లేదు, అంటే చరిత్ర కదలడం లేదు. పని చేసే మనుషులు లేరు. ఆ దృశ్యాన్ని బయటి నుంచి చూస్తున్న పడమటివాడు కూడా కనిపించడు. కానీ విరిగిన పలకలు మాత్రం శ్రద్ధగా గీసి ఉంటాయి, ఈ జనానికి తమ గొప్ప కట్టడాలను కాపాడుకోవడం కూడా రాదని చెప్పడానికి. ఈ ‘లేనివాటి పట్టిక’ పద్ధతిని గుర్తుపెట్టుకోండి. దాన్ని పేటన్ మీద ప్రయోగిద్దాం.

చిత్రంలో ఉన్నది

పేటన్ స్కాట్లాండ్ చిత్రకారుడు (1821–1901). అంతకుముందు ఓబెరాన్, టిటానియా వంటి షేక్‌స్పియర్ దేవకన్యల కథలు గీసి పేరు తెచ్చుకున్నవాడు. 1857లో మన దేశంలో జరిగిన ఏ సంఘటననూ అతను కళ్లారా చూడలేదు. పత్రికల్లో వచ్చిన వార్తలు, ఆ వార్తల చుట్టూ అల్లుకున్న పుకార్లు, వాటితో బ్రిటన్‌లో రగిలిన కోపం – ఇవే అతని ముడిసరుకు. ఆ కోపం ఎంతదో తెలియాలంటే ‘పంచ్’ పత్రికలో జాన్ టెనియెల్ వేసిన కార్టూన్లు చూడాలి. 1857 ఆగస్టులో బ్రిటిష్ సింహం బెంగాల్ పులి మీదకు దూకుతుంది. సెప్టెంబరులో ‘న్యాయం’ అనే స్త్రీమూర్తి కత్తి పట్టుకుని సిపాయిలను నరుకుతుంది. అక్టోబరులో కాస్త దయ చూపుదామన్న గవర్నర్ జనరల్ కానింగ్‌ను వెక్కిరిస్తారు.

పేటన్ చిత్రంలో ఇంత రక్తం లేదు. ఒక చీకటి గది. అందులో గుమికూడిన ఇంగ్లిష్ స్త్రీలు, పిల్లలు. మధ్యలో ఉన్న స్త్రీ చేతిలో బైబిల్, చూపు పైకి. పిల్లలు ఆమెను ఆనుకుని ఉన్నారు. గుంపులో ఒక భారతీయ ఆయా కూడా ఉంది. వెనుక గుమ్మంలోంచి హైలాండర్ సైనికులు, అంటే స్కాట్లాండ్ కొండసీమ రెజిమెంట్లవాళ్లు, లోపలికి వస్తున్నారు. వెలుగు స్త్రీల మీద పడుతుంది.

ప్రతీకలు కష్టమైనవేమీ కావు. బైబిల్ అంటే విశ్వాసం. పైకి చూసే చూపు అంటే మరణానికి సిద్ధపడిన ప్రశాంతత, క్రైస్తవ సన్యాసినుల, అమరుల చిత్రాల్లో శతాబ్దాలుగా వాడిన భంగిమ. పిల్లలను ఒడిలో పొదువుకున్న తల్లిని చూడగానే మేరీ మాత గుర్తుకు రావాలి, చర్చికి వెళ్లే ప్రేక్షకుడికి వస్తుంది కూడా. అంటే ఈ స్త్రీలు ఎవరో నలుగురు అధికారుల భార్యలుగా ఉండరు. ‘బ్రిటిష్ స్త్రీత్వం’ అనే పవిత్ర వస్తువుగా మారిపోతారు. తిరుగుబాటు సమయంలో బ్రిటిష్ స్త్రీలు చూపిన క్రైస్తవ ధీరత్వానికి గుర్తుగా గీశానని చిత్రకారుడే ప్రకటించాడు. కాబట్టి ఇందులో మనం ఊహించి చెప్పేది తక్కువ.

ఆయా విషయం మాత్రం ఆలోచించదగ్గది. గదిలో ఉన్న ఒకే ఒక్క భారతీయురాలు దొరసానికి విధేయురాలైన సేవకురాలు. ఆమెకు ఈ చిత్రంలో చోటు దొరికింది ఆ విధేయత వల్లే. ‘మంచి భారతీయులు’ ఎలా ఉంటారో చెప్పడానికి ఆమె ఉంది.

అసలు కథ గుమ్మం దగ్గర ఉంది. 1858లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో ఈ చిత్రాన్ని మొదట పెట్టినప్పుడు గుమ్మంలో హైలాండర్లు లేరు. ఉన్మాదంతో తలుపు తోసుకువస్తున్న సిపాయిలు ఉన్నారు. చూసినవాళ్లు తట్టుకోలేకపోయారు. విమర్శకులు ఇది భరించరానిదన్నారు. పేటన్ ఆ సిపాయిలను చెరిపేసి, వాళ్ల చోట హైలాండర్లను గీశాడు. 1862లో దీని ఎన్‌గ్రేవింగ్ అచ్చై ఇళ్లల్లోకి వెళ్లింది. పాఠ్యపుస్తకంలో మనం చూసేది ఆ మారిన రూపమే.

ఒక్క మూల మార్చగానే చిత్రం మూడ్ మొత్తం తలకిందులైంది. స్త్రీల ముఖాలు అవే, బైబిల్ అదే. మొదటి రూపంలో అది చావుకు ముందు చేసే చివరి ప్రార్థన. రెండో రూపంలో అదే ప్రార్థన ఫలించింది. దేవుడు స్కాట్లాండ్ సైనికుల రూపంలో వచ్చాడు. కాకపోతే శీర్షిక మాత్రం అలాగే ఉండిపోయింది. ‘ఇన్ మెమోరియం’ అనే లాటిన్ మాట సమాధుల మీద రాసేది, చనిపోయినవారి జ్ఞాపకార్థం అని. చిత్రంలోనేమో స్త్రీలు బతికి బయటపడుతున్నారు. బతికినవాళ్లకు స్మారకం ఏమిటి? కాన్పూర్‌లో 1857 జులై 15న బీబీఘర్‌లో సుమారు 200 మంది స్త్రీలు, పిల్లలు నిజంగానే చంపబడ్డారు. వాళ్లను కాపాడడానికి ఎవరూ సమయానికి రాలేదు. లక్నోలో మాత్రం హావ్‌లాక్, తర్వాత క్యాంప్‌బెల్ సేనలు చేరాయి. పేటన్ సవరించిన చిత్రంలో కాన్పూర్ దుఃఖం, లక్నో విజయం ఒకే గదిలో కలిసిపోయాయి. చూసేవాడికి కాన్పూర్ తాలూకు కోపం అలాగే ఉంటుంది, లక్నో తాలూకు గర్వం కూడా దొరుకుతుంది. ప్రచార చిత్రంగా మొదటి దానికంటే ఇదే బలమైనదని నా అభిప్రాయం.

బీబీఘర్ హత్యాకాండను తక్కువ చేయనక్కర్లేదు. పరీక్షలో కూడా అలా రాయకండి. అది జరిగింది, దారుణంగా జరిగింది. కానీ దానికి ఒక నెల ముందే, జూన్‌లో, అలహాబాద్‌లో కల్నల్ నీల్ సేనలు ఊళ్లు తగలబెట్టి, దొరికినవాళ్లను చెట్లకు ఉరితీశాయి. ఆ వరుసను చిత్రం చూపించదు. చిత్రంలో హింస ఒకే దిక్కు నుంచి వస్తుంది. రెండో దిక్కు నుంచి రక్షణ మాత్రమే వస్తుంది.

చిత్రంలో లేనిది

నాక్లిన్ పట్టికకు వద్దాం. సిపాయిలను చెరిపేశారు, బాగుంది. ఆ సిపాయిలు తర్వాత ఏమయ్యారు?

చాలామంది యుద్ధంలో పోయారు. చాలామందిని ఫిరంగులకు కట్టి పేల్చారు, ఉరితీశారు. మిగిలినవారిలో కొందరికి దక్కిన చోటు అండమాన్. ఇక్కడ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

1857 నవంబరులో, ఇంకా లక్నో చుట్టూ యుద్ధం జరుగుతుండగానే, ప్రభుత్వం డాక్టర్ ఎఫ్.జె. మౌట్ నాయకత్వంలో ‘అండమాన్ కమిటీ’ని వేసింది. ఖైదీల వలసకు తగిన చోటు వెతకడం దాని పని. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ మొదలుపెట్టిన పాత స్థావరం చోటే బాగుందని కమిటీ తేల్చింది. 1858 మార్చి 10న ‘సెమిరామిస్’ ఓడ 200 మంది ఖైదీలతో అక్కడికి చేరింది. సూపరింటెండెంట్ జె.పి. వాకర్, అంతకుముందు ఆగ్రా జైలు అధికారి. మొదట చాతమ్ దీవిలో దించారు, అక్కడ నీళ్లు చాలక రాస్ దీవికి మారారు. అడవి కొట్టడం, చిత్తడి పూడ్చడం, వానలు, జ్వరాలు. తప్పించుకుని బర్మా వైపు నడిచిపోవచ్చని నమ్మినవాళ్లు చాలామంది. చుట్టూ సముద్రమని వాళ్లకెవరు చెప్పారు?

జూన్ మధ్య నాటికి, అంటే మొదటి మూడు నెలల్లో, వచ్చిన ఖైదీలు 773 మంది. వారిలో ఆసుపత్రిలో చనిపోయినవారు 64. తప్పించుకుని మళ్లీ దొరకనివారు 140, వీరిలో చాలామంది అడవిలో చనిపోయి ఉంటారని లెక్క. ఆత్మహత్య 1. తప్పించుకోబోయి దొరికినందుకు ఉరి తీయబడినవారు 87. మిగిలింది 481. ఈ అంకెలు ఒకసారి కూడి చూడండి, సరిపోతాయి. గుమాస్తా లెక్క తప్పలేదు. ఇంతమందిని ఉరితీయడం కలకత్తా ప్రభుత్వానికే మింగుడుపడక, పారిపోయినందుకు ఇకపై ఉరి వద్దని వాకర్‌ను ఆపింది.

లండన్‌లో అదే 1858 వేసవిలో పేటన్ చిత్రం గోడకు వేలాడుతోంది. గుమ్మంలో సిపాయిలున్న మొదటి రూపం. జనం దాన్ని చూడలేకపోతున్నారు. రాస్ దీవిలో అదే కాలంలో ఉరికొయ్యలు. అది చూడలేకపోయినవాళ్లు లండన్‌లో ఎవరూ లేరు, ఎందుకంటే అది ఎవరికీ చూపించలేదు. ఈ రెండు సంఘటనలకూ మధ్య కార్యకారణ సంబంధం ఉందని నేను అనడం లేదు. పేటన్‌కు రాస్ దీవి పేరు కూడా తెలిసి ఉండక్కర్లేదు. నేను అనేది ఇంతే: ఒకే సంవత్సరంలో ఏ బాధను నూనెరంగుల్లో పెట్టారు, ఏ బాధను పట్టికలో పెట్టారు అన్నది కూడా చరిత్ర ఆధారమే. మెయిన్స్ జవాబులో ఈ పోలిక రెండు వాక్యాల్లో రాస్తే చాలు, ఎగ్జామినర్ తల ఎత్తి చూస్తాడు.

తెలుగు రాష్ట్రాల పరీక్షలు రాసేవారికి ఇంకో లింకు. 1857 జులై 17న హైదరాబాద్‌లో కోఠి రెసిడెన్సీ మీద దాడి జరిగింది. నాయకులు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. తుర్రెబాజ్ ఖాన్‌కు ద్వీపాంతరవాస శిక్ష పడింది. అండమాన్‌కు పంపేలోపే 1859 జనవరిలో తప్పించుకున్నాడు, తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు, శవాన్ని హైదరాబాద్‌లో వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను మాత్రం అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. బీబీఘర్ ఘటనకూ కోఠి దాడికీ మధ్య రెండు రోజులే తేడా అని గమనించారా? ఒకటి బ్రిటన్ గోడల మీదికెక్కింది. రెండోది చాలాకాలం మన పాఠ్యపుస్తకాల్లోకి కూడా సరిగా ఎక్కలేదు.

ఇంకో చిన్న హెచ్చరిక. అండమాన్ అనగానే సెల్యులార్ జైలు, సావర్కర్ అని రాసేయకండి. సెల్యులార్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. 1857 ఖైదీలకు అప్పటికి జైలు గోడలే లేవు. దీవే జైలు.

మరి దీవి అసలు మనుషులో?

ఇప్పటిదాకా మాట్లాడిన రెండు పక్షాలూ బయటివే. మూడో పక్షం ఉంది, అండమాన్ ఆదివాసులు. వీళ్ల మీద బయటి ఊహలకు చాలా పాత చరిత్ర. మార్కో పోలో తన యాత్రా గ్రంథంలో అండమాన్ వాసులకు కుక్క తలలుంటాయని, పరాయివాళ్లు దొరికితే తినేస్తారని రాశాడు. 15వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రాన్స్‌లో ఆ గ్రంథానికి తయారైన బొమ్మల ప్రతి ఒకటి ఇప్పుడు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. అందులోని అండమాన్ బొమ్మ నాకు చాలా ఇష్టం. కుక్క తలల మనుషులు నిండు దుస్తులు వేసుకుని, యూరప్ పట్టణపు వర్తకుల్లాగా సరుకు బేరమాడుతుంటారు! రాసిన మాట భయపెడుతుంది, గీసిన బొమ్మ నవ్విస్తుంది. ఆ చిత్రకారుడికి అండమాన్ తెలియదు, తన ఊరి సంత తెలుసు. మూడ్ అనేది గీసినవాడి సరుకే అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మౌట్ కమిటీతో ఆస్కార్ మలిట్ అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కూడా వెళ్లాడు. కమిటీకీ ద్వీపవాసులకూ ఘర్షణ జరిగింది, కొందరు ద్వీపవాసులు చనిపోయారు, ఒకడిని పట్టుకుని కలకత్తా తీసుకుపోయారు. అతని అసలు పేరు ఎవరూ రాసుకోలేదు. ‘జాక్’ అని పిలిచారు. నావికుడి బట్టలు తొడిగారు, ఫోటో తీశారు, జనం వింతగా చూడడానికి వచ్చారు. జబ్బు చేస్తే తిరిగి తెచ్చి దీవిలో వదిలేశారు. నాలుగు శతాబ్దాల కిందట కుక్క తల మనిషికి బట్టలు తొడిగిన చిత్రకారుడు, ఇప్పుడు నిజం మనిషికి బట్టలు తొడిగిన కెమెరా. తేడా ఏమిటంటే రెండోసారి ఆ బట్టల్లోపల ఒక మనిషికి జ్వరం వచ్చింది.

1890ల నాటికి ఎం.వి. పోర్ట్‌మన్ అనే అధికారి వందలాది ఫోటోలు తీశాడు. కొన్ని గ్రీకు శిల్పాల్లాగా మెత్తని వెలుగులో ఉంటాయి. మరికొన్నింటిలో వెనుక గళ్ల తెర, శరీర కొలతల కోసం. ఒకే కెమెరా, ఒకే మనుషులు. ఒకచోట ‘అందమైన ఆదిమానవుడు’, ఇంకోచోట నమూనా. ఈలోపు 1858 తర్వాత వచ్చిన తట్టు, సిఫిలిస్ వంటి జబ్బులతో గ్రేట్ అండమానీస్ తెగలు కుప్పకూలాయి. 1901 జనాభా లెక్కల్లో వాళ్లు 625 మంది. ఆ ఫోటోల్లోని మెత్తని విషాదం చాలామందికి కళాత్మకంగా తోస్తుంది. ఆ విషాదానికి కారణమైన పరిపాలన మాత్రం ఫ్రేములో ఉండదు, కెమెరా వెనుక నిలబడి ఉంటుంది.

ఆదివాసులూ తమ వంతు ప్రతిఘటించారు. 1859 మేలో అబర్డీన్ దగ్గర స్థావరం మీద విల్లంబులతో దాడి చేశారు. ముందే కబురు అందడంతో దాడి విఫలమైంది. కబురు తెచ్చింది దూధ్‌నాథ్ తివారీ, 1857 ఖైదీ. 1858లో పారిపోయి, తోటివాళ్లంతా చనిపోగా ద్వీపవాసుల దగ్గర ఏడాదిపాటు బతికి, అక్కడే పెళ్లి కూడా చేసుకున్నవాడు. ఆ తర్వాత క్షమాభిక్ష పొందాడు. బ్రిటిష్‌వారి మీద తిరుగుబాటు చేసినందుకు వచ్చినవాడే, ఇంకో తిరుగుబాటును బ్రిటిష్‌వారికి పట్టించాడు. పేటన్ గదిలో ఇతన్ని ఎక్కడ నిలబెడతారు? గుమ్మంలోని సిపాయిల పక్కనా, విధేయురాలైన ఆయా పక్కనా? రెండే రకాల భారతీయులున్న చిత్రంలో ఇతనికి చోటు లేదు. అబర్డీన్ యుద్ధానికి ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్ సముద్రతీరంలో ఒక స్మారకం ఉంది, అటు వెళ్లినవారు చూడవచ్చు.

రాస్ దీవికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అనీ, పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అనీ పేర్లు మారాయి. కరెంట్ అఫైర్స్‌లో ఇవి రాసుకునే ఉంటారు. ఆ దీవిలో చర్చి, బాల్‌రూమ్, బేకరీ శిథిలాల మీద మర్రి జాతి చెట్ల వేర్లు గోడలను కౌగిలించుకుని ఉంటాయి. పర్యాటకులు తీసే ఫోటోల్లో ఆ వేర్లు, విరిగిన తోరణం, మధ్యలో ఒక జింక. థామస్ డానియెల్, విలియం డానియెల్ 18వ శతాబ్దం చివర మన గుళ్లను, కోటలను గీసిన ‘పిక్చరెస్క్’ సూత్రం ఇదే: శిథిలం, చెట్టు, మెత్తని వెలుగు, మూలన ఒక చిన్న ప్రాణి. అప్పుడు శిథిలం మనది, చూపు వాళ్లది. ఇప్పుడు శిథిలం వాళ్లది, చూపు మనది. కానీ ఆ ఇటుకలు మోసినవాళ్లు అప్పుడూ ఇప్పుడూ ఫోటోలో లేరు. ఆ దీవిలో మొదట చెట్లు కొట్టింది పైన చెప్పిన 773 మందిలోనివాళ్లే.

సాధన ప్రశ్న (15 మార్కులు, 250 పదాలు): 1857 తిరుగుబాటు మీద వచ్చిన బ్రిటిష్ చిత్రాలు సంఘటనల కంటే ప్రేక్షకుల మనఃస్థితిని ఎక్కువగా నమోదు చేశాయా? ‘ఇన్ మెమోరియం’, థామస్ జోన్స్ బార్కర్ ‘రిలీఫ్ ఆఫ్ లక్నో’ ఆధారంగా చర్చించండి. బార్కర్ చిత్రంలో మధ్యలో క్యాంప్‌బెల్, అవుట్‌రమ్, హావ్‌లాక్ ఉంటారు. ముందుభాగంలో నేల మీద ఎవరు పడి ఉన్నారో, వెలుగు ఎవరి మీద పడుతోందో చూసి రాయడం మొదలుపెట్టండి.